ఐదు గంటల నకలు

"పేలుడు సంగతి మీకు ఎన్నింటికి తెలిసింది?"

"గురువారం మధ్యాహ్నం రెండున్నరకి. ట్రక్కు డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు," అన్నాడు స్టర్లింగ్ హేగ్.

మారియన్ డెలోర్మ్ కలం కాగితం మీదే ఆగిపోయింది.

"కోజాక్ ఇల్లు పేలింది మూడూ పదికి. అంటే జరగబోయేది నలభై నిమిషాల ముందే మీకు ఫోన్‌లో చెప్పేశారన్నమాట. పన్లో పనిగా రేపు మంచు పడుతుందో లేదో కూడా చెప్పండి, రాసుకుంటాను."

హేగ్ చిన్నగా నవ్వాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ క్లైవ్ రెంపెల్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మారియన్! ఆయన గురువారం కాల్గరీలో ఉన్నాడు తల్లీ. చలికాలంలో వాళ్ళ గడియారం మనకన్నా గంట వెనక. అక్కడ రెండున్నరంటే మన టోర్స్‌బీలో మూడున్నర. నవంబర్లో దేశమంతా గడియారాలు గంట వెనక్కి, మార్చిలో మళ్ళీ ముందుకి తిప్పుకుంటే, తిప్పుకోనిది మన సస్కాచెవాన్ రాష్ట్రం వాళ్ళమే. ఇక్కడే పుట్టి పెరిగి ఇది మరిచిపోతే ఎలా?"

"మరిచిపోలేదు. ఆయన నోటితో చెబితే రాసుకుందామని," అంది మారియన్. అబద్ధం. చెవులు వేడెక్కాయి. కానీ ఆ గంట తేడాని కాగితం మీద రాసి చుట్టూ గీత గీసింది.

శనివారం. టైము ఒకటీ యాభై. నాలుగింటికి పోలీసులు లైల్ నాటియక్‌ని అరెస్టు చేస్తారు. అతని భార్య నిన్న మారియన్ డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కోటైనా విప్పకుండా, "మావాడు చెయ్యాల్సింది చేశాడండీ. చేశాడని చూపించడానికి ఏమీ మిగల్లేదు," అంది. ఆ ఒక్క మాట మీద మారియన్ ఈ కేసు ఒప్పుకుంది.

లైల్ ఫర్రో గ్యాస్ కంపెనీలో మెకానిక్. ఊళ్ళ బయట పొలాల్లో ఉన్న ఇళ్ళకి గ్యాసు ట్యాంకులు పెట్టి, ట్రక్కుతో నింపే కంపెనీ అది. గురువారం పొద్దున లైల్ మెర్విన్ కోజాక్ ఇంటి ట్యాంకు పరీక్ష చేశాడు. రెగ్యులేటర్ పాడైందనీ, వాల్వు మూసి ఎర్ర చీటీ కట్టాననీ, నింపొద్దు, తెరవొద్దు అని మేనేజరు హేగ్ వాయిస్‌మెయిల్‌లో చెప్పాననీ అంటాడు. మధ్యాహ్నం ట్రక్కు వెళ్ళి ట్యాంకు నింపింది. మూడూ పదికి ఇల్లు లేచిపోయింది. చీటీ ఇంటితోపాటే కాలిపోయింది. మెర్విన్ సస్కటూన్ ఆసుపత్రిలో తెలివిలేకుండా ఉన్నాడు. డ్రైవరు వాల్వు తెరిచే ఉందంటాడు, చీటీ చూళ్ళేదంటాడు. ఉద్యోగం పోతుందనే భయం వాడి మాటలకన్నా ముందు వాడి మొహంలో కనపడుతుంది, కానీ మొహాన్ని కోర్టులో దాఖలు చెయ్యలేం.

హేగ్ కాల్గరీ హెడ్డాఫీసు మనిషి. పోయిన వేసవిలో ఇక్కడ మేనేజరుగా వచ్చాడు.

"లైల్ మీకు వాయిస్‌మెయిల్ పెట్టినట్టు ఫోన్ కంపెనీ రికార్డు ఉంది," అంది మారియన్. "పదకొండూ పన్నెండుకి. నిమిషం నలభై సెకన్లు."

"పెట్టలేదని నేనన్లేదే. 'పని అయిపోయింది, అంతా బాగుంది' అని చెప్పాడు."

"ఆ రెండు ముక్కలకి నిమిషం నలభై సెకన్లా?"

"మీరు లైల్ మాట్లాడగా వినలేదనుకుంటా. మాటకీ మాటకీ మధ్య టీ తాగి రావచ్చు."

"ఆ మాట వినిపించండి."

"చెరిపేశాను. గురువారం నాలుగూ ఇరవైకి. కాల్గరీ నుంచే, ల్యాప్‌టాప్‌లో."

"ఇల్లు పేలి మనిషి ఆసుపత్రిపాలైన రోజున, మీరు కూర్చుని వాయిస్‌మెయిల్ ఊడ్చుకుంటున్నారా?"

"పెట్టె నిండితే కొత్తవి రావు మేడమ్. ఎవరెవరో చేస్తారని ఖాళీ చేశాను."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. మారియన్ పైకి అనలేదు. రెంపెల్ వైపు చెయ్యి చాపింది. రెంపెల్ కంపెనీకి బీమా ఇచ్చినవాళ్ళ తరఫు డిటెక్టివ్. పోలీసులకి లైల్ మీద రిపోర్టు రాసిచ్చింది అతనే. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకరి కేసుల్లో ఒకరు కాళ్ళు అడ్డం పెట్టుకుంటూనే ఉన్నారు. ఎదుటివాడు చూపించమన్న కాగితం దాచడం మాత్రం ఇద్దరికీ లేదు.

రెంపెల్ ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చాడు. యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా. గురువారం, 4:20, హేగ్ పెట్టె, రెండు సందేశాలు చెరిపివేత.

"రెండా? రెండోది ఎవరిది?"

"తివాచీలు అమ్మేవాడిది," అన్నాడు హేగ్.

"ఎర్రవా, నీలంవా?"

"ఏమిటి?"

"ఏం లేదు. ఈ వాయిస్‌మెయిల్‌కి నకళ్ళు ఉంటాయి కదా?"

రెంపెల్ గొంతు సవరించుకున్నాడు. ఇది తను కట్టిన గోడ. ఒక్కొక్క ఇటుకా చూపించడం అతనికిష్టం.

"ఉన్నాయి. రోజూ ఐదింటికి యంత్రం తనే నకలు తీసుకుంటుంది. అది పెట్టింది పాత గుమస్తా, డోరీన్ కుష్నిర్. డిసెంబర్లో రిటైరైంది. నేను నిన్న ఆవిడకి ఫోన్ చేసి మరీ అడిగా. 'నాలుగూ ఇరవైకి చెరిపిన మాట ఐదింటి నకల్లో దొరుకుతుందా అమ్మా?' అని. 'ఐదుకి ముందే చెరిపితే ఎలా దొరుకుతుంది నాయనా, లేని దాన్ని అది నకలు తియ్యదుగా' అంది. బుధవారం నకల్లో లైల్ మాట ఉండదు, అప్పటికి వాడు చెప్పనేలేదు. గురువారం నకల్లో ఉండదు, అప్పటికే చెరిపేశారు. మధ్యలో పడి పోయింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు మారియన్? ఆ గుమస్తాకే లేని అనుమానం నీకెందుకు?"

"ఆ నకలు తెరిచి చూశావా?"

"పాస్‌వర్డ్ అడుగుతోంది. రెండుసార్లు కొట్టి చూశా. ఇంకోసారి తప్పైతే మూడు రోజులు తాళం పడిపోతుందట. లేదని లెక్క తేలాక తెరవడం ఎందుకని వదిలేశా."

మారియన్ హేగ్ బల్ల మీది కంప్యూటర్ వైపు చూసింది. మూలన టైము 12:58. తన చేతి గడియారం చూసుకుంది. 1:58.

"ఈ చిట్టాలో నాలుగూ ఇరవై ఏ ఊరి నాలుగూ ఇరవై?"

"కంపెనీ మొత్తానికీ ఒకటే టైము," అన్నాడు హేగ్, ఈసారి కొంచెం విసుగ్గా. "హెడ్డాఫీసు రూలు. అన్నీ కాల్గరీ టైములోనే ఉంటాయి. వాయిస్‌మెయిల్‌తో సహా."

"నకలు తీసే యంత్రంతో సహా?"

"అన్నీ."

"ఒకసారి చూస్తాను."

*

అది చీపుర్లు పెట్టుకునే గది. తలుపు తీస్తే నేల తుడిచే మందు వాసన. పై అరలో కాగితాల కట్టలు, కింద అరలో నల్ల డబ్బా, దాని నుదుట ఒక పచ్చ దీపం. డబ్బా మీద అట్టముక్క, గుండ్రటి అక్షరాలు: "ఆపొద్దు. దుమ్ము నేనే తుడుస్తాను. డోరీన్."

మారియన్ మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళ వృత్తిలో ఇలాంటి డబ్బాలు చాలా చూసింది. "నకళ్ళున్నాయండీ" అని ధీమాగా చెప్పని ఆఫీసు లేదు. తెరిస్తే ఒకచోట డిస్కు నిండి రెండేళ్ళయింది. ఒకచోట ప్లగ్గు ఊడి ఉంది. ఒకచోట రోజూ తీశారు కానీ, ఖాళీ అరని తీశారు. నకలు ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు.

ఇక్కడ వేరేగా ఉంది. తలుపు లోపలి వైపు ఒక పొడుగాటి కాగితం అంటించి ఉంది. తేదీలు, తేదీల పక్కన పేర్లు. ప్రతి నెలా మొదటి సోమవారం. "మార్చి, పాత నకలు తెరిచి విన్నాను. మిసెస్ థీసెన్, పొయ్యి మాట. వినపడింది." "ఏప్రిల్, పెండర్ గారు, అడ్రసు మార్పు. వినపడింది." "మే, గరగర. డిస్కు మార్చాను. మళ్ళీ విన్నాను. వినపడింది." పదకొండేళ్ళ వరస. ఒక్క నెల తప్పిపోలేదు. ఒకచోట మాత్రం చేతిరాత వణికింది: "నవంబర్, మా ఆయన కర్మ అయిన మర్నాడు. మిస్టర్ ఓలెన్, ట్యాంకు మాట. వినపడింది."

మారియన్ ఆ వరసని రెండోసారి చదివింది. తీసిపెట్టడంతో సరిపెట్టుకోకుండా, తీసినది పనికొస్తుందో లేదో నెలనెలా తెరిచి చూసుకున్న మనిషి. ఎవరూ చూడని చీపుర్ల గదిలో. ఎవరూ అడక్కుండా.

లేవబోతుంటే పై అరలో చిన్న గోడ గడియారం కనపడింది. దాని కిందా అట్టముక్క: "దీన్ని ఎవరూ తిప్పొద్దు."

గడియారం రెండూ పది చూపిస్తోంది. చేతి గడియారమూ రెండూ పదే. పక్క గదిలో హేగ్ కంప్యూటర్ ఒంటిగంటా పది అంటుంటే.

"రెంపెల్, నీ లెక్క మళ్ళీ చెప్పు."

"నాలుగూ ఇరవైకి చెరిపారు. ఐదుకి నకలు. నలభై నిమిషాలు ఆలస్యం."

"హేగ్ నాలుగూ ఇరవై, డోరీన్ ఐదు. రెండు ఊళ్ళ టైములు కలిపి ఒకే కూడిక వేశావేమో చూసుకో."

రెంపెల్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. హేగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆ ముసలావిడ గోడ గడియారం పెట్టుకుంటే యంత్రం టైము మారుతుందా?" అన్నాడు.

"మారదు. అందుకే ఆవిడ్నే అడుగుతా. ఎక్కడుంటుంది?"

"శనివారం కదా, రింక్‌లో," అన్నాడు రెంపెల్, ఈసారి నవ్వు లేకుండా. "ఇవాళ పోటీలు. ఊరంతా అక్కడే. మారియన్, నాలుగింటికి పోలీసులు..."

"తెలుసు. ఈ గది ముందు కుర్చీ వేసుకుని కూర్చో. డబ్బా మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నా కోసం కాదు, నీ రిపోర్టు కోసం."

రెంపెల్ హేగ్ వైపొకసారి, డబ్బా వైపొకసారి చూశాడు. కుర్చీ లాక్కున్నాడు.

*

ఆఫీసు నుంచి ఊళ్ళో కర్లింగ్ ఆట ఆడే మంచు రింక్‌కి పద్నాలుగు నిమిషాలు. వెనక తలుపు దగ్గర ఫర్రో గ్యాస్ ట్రక్కు ఆగి ఉంది. డ్రైవరు మందపాటి గొట్టం చుట్టుకుంటున్నాడు. అప్పుడే ట్యాంకు నింపినట్టున్నాడు. కుళ్ళిన గుడ్డు వాసన. మారియన్ ముక్కు మూసుకుని లోపలికి నడిచింది.

లోపల నాలుగు వరసల్లో ఆట. నున్నటి గుండు రాళ్ళు మంచు మీద జారుతుంటే వాటి ముందు ఇద్దరిద్దరు చీపుర్లతో రుద్దుతూ పరిగెడుతున్నారు. మూడో వరస చివర పొట్టి మనిషి, అరవై ఆరేళ్ళు, నీలం స్వెట్టర్, చీపురు కర్ర పైకెత్తి అరుస్తోంది:

"రుద్దండ్రా! రాయికి జోల పాడుతున్నారా? రుద్దండి!"

"డోరీన్ గారూ, నేను లైల్ తరఫున..."

"ఈ రాయి ఆగేదాకా ఆగు అమ్మాయ్."

రాయి ఆగింది. డోరీన్ దాన్ని తల వంచి చూసి, తృప్తిగా ముక్కుతో ఒక శబ్దం చేసి, మారియన్ వైపు తిరిగింది.

"చెప్పు. మళ్ళీ నా వంతు వచ్చేలోగా."

"మీ నకలు ఏ టైములో నడుస్తుంది?"

"ఐదింటికి."

"ఎవరి ఐదింటికి?"

డోరీన్ ఆమెని ఎగాదిగా చూసింది. "మన ఐదింటికి. ఇంకెవరిది?"

"కంపెనీ అంతా కాల్గరీ టైమంటున్నారే?"

"అంటారు. మొదట్లో అలాగే పెట్టా. నవంబర్ వచ్చేసరికి గంట జరిగిపోయింది. మార్చిలో మళ్ళీ ముందుకి. 'మూడింటికి ఫోన్ చేశానండీ' అని రైతు అంటాడు, చిట్టా రెండంటుంది. ఎవరు అబద్ధం? ఫోన్ చేసేవాళ్ళు ఈ ఊరి టైములో బతుకుతున్నారు, ఈ ఊరి టైములో చలికి వణుకుతున్నారు. నల్ల డబ్బా ఒక్కటీ నాది, ఇంట్లోంచి తెచ్చి పెట్టా. దాన్ని మన టైముకి తిప్పేశా. హెడ్డాఫీసుకి చెప్పలేదు. వాళ్ళడగలేదు."

"హేగ్ ఆ మాటలు చెరిపింది కాల్గరీ నాలుగూ ఇరవైకి."

డోరీన్ చీపురు కర్ర మంచు మీద ఆనించింది. ఆమె పెదాలు కదిలాయి. గంట కలుపుకుంటోంది.

"అంటే మనకి ఐదూ ఇరవై. ఓరి దేవుడా! ఆ రెంపెల్ నన్ను నాలుగూ ఇరవై అన్నాడే కానీ ఏ ఊరి నాలుగూ ఇరవయ్యో చెప్పలేదే. నేనూ అడగలేదు. ఇరవై ఆరేళ్ళు అందరినీ అడిగినదాన్ని!"

"గురువారం నకలు కచ్చితంగా తీసిందంటారా?"

"తియ్యకపోతే మా ఇంటికి ఫోన్ చేస్తుంది. అలా పెట్టా. తీస్తే నోరెత్తదు, తప్పితే గోల చేస్తుంది. మనుషులైతే దీనికి తిరగేసి ఉంటారు. రిటైరయ్యాక ఒక్కసారి కూడా మోగలేదు."

"ఇంత పని ఎవరు నేర్పారు మీకు?"

"పుస్తకాలు. ఒక చలికాలమంతా. మొదట్లో రోజూ ఐదింటికి ఇంటికెళ్ళే ముందు చేత్తోనే తీసేదాన్ని. ఒకరోజు జ్వరం వచ్చి తియ్యలేదు. అప్పుడనిపించింది, నేను మరిచినా, జబ్బుపడ్డా, చచ్చినా ఆగకూడదు అని. నా జ్ఞాపకం మీద ఆధారపడే పని పని కాదు."

"అసలెందుకు మొదలుపెట్టారు?"

డోరీన్ మంచు వైపు చూసింది. పక్క వరసలో ఎవరి రాయో ఎవరి రాయికో తగిలి ఖణేల్మంది.

"ఓస్టాప్ మెల్నిక్ అని ముసలాయన. ఒంటరి మనిషి. పొయ్యి ఆరిపోయి మాకు ఫోన్ చేశానని పక్కింటావిడతో అన్నాడట. ఆ రాత్రి కరెంటు పోయి మా యంత్రం చచ్చింది, అందులో మాటలన్నీ దాంతోపాటే పోయాయి. ఆయన మాటా పోయింది. మూడోనాడు మేము వెళ్ళేసరికి..." చెయ్యి ఊపింది. "ఆయన ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. తొందరేం లేదు, వీలు చూసుకుని రండి, అని ఉంటాడు. అలాంటి మనిషి."

ఒక మనిషి గొంతు పోయిందని, ఇంకెవరి గొంతూ పోకుండా పదకొండేళ్ళు కాపలా కాసిన మనిషిని చూస్తూ మారియన్ కలం తీసింది.

"ఆయన ఇంటి ఫోన్ నంబరే పాస్‌వర్డ్," అంది డోరీన్. మారియన్ చేతిలోంచి కలం లాక్కుని ఆమె అరచేతిలో ఏడంకెలు రాసింది. "ఆ నంబరు ఇప్పుడెవరూ తిప్పరు. నేను మరిచిపోను. పోయి లైల్ మాట విను. మంచి పిల్లాడు. చీటీ కట్టకుండా వచ్చే రకం కాదు."

"వాసనేమిటి ఇక్కడ?"

"గ్యాసా? ట్రక్కు వచ్చినప్పుడల్లా అంతే. కాసేపట్లో పోతుంది. ఇప్పుడే మైనస్ ముప్ఫై దాటింది, ఇవాళ రాత్రికి మైనస్ ముప్ఫయ్యెనిమిది అట. హీటర్లు పూర్తిగా పెట్టమన్నా. సాయంత్రం భోజనాలకి ఎనభై మంది." అని మంచు వైపు తిరిగి, "ఎవర్రా అది, నా రాయి ముట్టుకున్నది!" అని కేకేసింది.

*

మూడూ పదహారుకి మారియన్ తిరిగొచ్చేసరికి రెంపెల్ కుర్చీలోనే ఉన్నాడు. హేగ్ కోటు వేసుకుని ఉన్నాడు.

"ఎక్కడికండీ?" అంది.

"ఇది కంపెనీ ఆస్తి. హెడ్డాఫీసు అనుమతి లేకుండా తెరవడానికి వీల్లేదు," అన్నాడు హేగ్.

"ఆస్తి డోరీన్‌ది. ఇంట్లోంచి తెచ్చిపెట్టింది."

"ఇందాక నువ్వెళ్ళాక, దీని ప్లగ్గు పీకెయ్యమన్నాడు," అన్నాడు రెంపెల్ నెమ్మదిగా. "కరెంటు దండగట. నకల్లో ఏమీ లేదన్న మనిషికి దాని మీద అంత పట్టింపు ఎందుకా అని అప్పట్నించీ ఆలోచిస్తున్నా. కానీ మారియన్, ఒక్కసారే అవకాశం. తప్పు కొట్టావో, మూడు రోజులు. లైల్ ఈలోగా లోపల."

మారియన్ అరచెయ్యి తెరిచింది. చెమటకి ఒక అంకె అలుక్కుపోయింది. ఒకటా, ఏడా? గుమ్మం దగ్గర వెలుతురుకి పెట్టి చూసింది. అడ్డగీత సన్నగా మిగిలి ఉంది. తలుపు మీద కాగితంలో ఏడంకె ఎలా ఉందో వెతికింది. డోరీన్ ఏడుకి నడుం మీద అడ్డగీత పెడుతుంది. ప్రతిచోటా.

ఏడు కొట్టింది.

పచ్చ దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. తెర మీద తేదీలు బారులు తీరాయి. ముప్ఫై రోజులవి, ఒక్కటీ లోటు లేకుండా. గురువారం, 5:00. హేగ్ పెట్టె. రెండు సందేశాలు.

మొదటిది నొక్కింది. గాలి హోరు, దాని వెనక లైల్ గొంతు, నిజంగానే మాటకీ మాటకీ మధ్య ఆగుతూ.

"హేగ్ గారూ, లైల్‌ని. కోజాక్ ఇంటి దగ్గరున్నా. రెగ్యులేటర్ పాడైందండీ. ప్రెషర్ ఆపట్లేదు. ట్యాంకు వాల్వు మూసేసి ఎర్ర చీటీ కట్టా. మెర్విన్ ఇంట్లో లేడు. వచ్చాక ఇల్లు చల్లబడిందని మీకు ఫోన్ చేసి గోల పెడతాడు, పెట్టనివ్వండి. కొత్తది తీసుకుని నాలుగింటికి నేనే వస్తా. అందాకా ట్రక్కు పంపొద్దు. నింపొద్దు, తెరవొద్దు. మళ్ళీ చెబుతున్నా, తెరవొద్దు."

అందరికన్నా ముందు రెంపెల్ కదిలాడు. ఫైల్లోంచి తన రిపోర్టు తీసి, మొదటి పేజీ మీద మూల నుంచి మూలకి గీత గీశాడు. కలం కాగితాన్ని చింపింది.

"మెర్విన్ ఫోన్ చేశాడు కదూ, ఇల్లు చల్లబడిందని?" అన్నాడు హేగ్‌తో. "నువ్వు ట్రక్కు పంపావు. తెరవమన్నావు."

హేగ్ పెదవి తడుపుకున్నాడు. "మైనస్ ముప్ఫై చలి. ఆయన అరుస్తున్నాడు. లైల్ ప్రతిదానికీ చీటీ కడతాడు..."

"ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నీ తప్పు ఆ కుర్రాడి మీద పడేశావు. నేను దాన్ని టైపు చేసి పెట్టా!" రెంపెల్ ఫోన్ తీశాడు. "మారియన్, పోలీసులకి నేనే ఫోన్ చేస్తా. నేను కట్టిన ముడి నేనే విప్పాలి."

"ఆగు. తివాచీలవాడు ఉన్నాడు," అంది మారియన్.

రెండోది నొక్కింది. గురువారం, డోరీన్ డబ్బా టైములో, అంటే ఈ ఊరి టైములో, నాలుగూ ముప్ఫయ్యైదు. ఎడ్మంటన్‌లో రెగ్యులేటర్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక ఆడగొంతు, చదువుతున్నట్టు, కానీ తొందరగా.

"మిస్టర్ హేగ్, మేము అక్టోబర్లో పంపిన సరుకులో లోపం ఉంది. మైనస్ ముప్ఫైకి దిగితే లోపలి పొర చీలుతోంది, గ్యాసు ఆగట్లేదు. మీరు ఇప్పటికి రెండే బిగించామని రాశారు. ఒకటి కోజాక్ గారిల్లు. రెండోది టోర్స్‌బీ కర్లింగ్ రింక్. ఈ రెండు ట్యాంకులూ వెంటనే మూయించండి. కాగితం సోమవారం వస్తుంది, దానికోసం ఆగకండి."

గదిలో పచ్చ దీపం ఒక్కటే మిణుకుమంటోంది.

"ఇందాక రింక్ ట్యాంకు నింపారు," అంది మారియన్. "నేను చూస్తూ ఉండగా. వాసన కూడా వచ్చింది. హేగ్, మీకు గురువారం నుంచీ తెలుసు."

"ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు," అన్నాడు హేగ్, అదే పెద్ద సమాధానమన్నట్టు. "కోజాక్‌ది ఏదో... రెండోది కూడా అవుతుందని ఏముంది?"

రెంపెల్ అతని కాలరు పట్టుకుని గోడకి నెట్టి, రెండో చేత్తో అత్యవసర నంబరు నొక్కుతున్నాడు. మారియన్ రింక్ నంబరు నొక్కింది. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎవరో ఎత్తారు.

"డోరీన్ గారూ!"

"నమస్కారం, ఇది టోర్స్‌బీ రింక్," అంది డోరీన్ గొంతు, తీరిగ్గా. "ఇప్పుడు మేమంతా మంచు మీదున్నాం, ఫోన్ వినపడదు. మీ మాట చెప్పి పెట్టండి. ఇక్కడ ఏ మాటా పోనివ్వం." ఆ వెంటనే బీప్ మోగింది.

మారియన్ ఫోన్ పెట్టేసింది.

"ఫైర్ వాళ్ళని పిలుస్తున్నారు," అన్నాడు రెంపెల్, మొహం పాలిపోయి. "కానీ మన ఊరి ఫైర్ వాళ్ళంటే పిలిస్తే పని మానుకుని వచ్చే ఊరివాళ్ళే కదా, ఎక్కడుంటారు మారియన్, శనివారం పోటీలప్పుడు? అదే మంచు మీద. వాళ్ళ ఫోన్లు కోట్ల జేబుల్లో. పక్క ఊరి బండికి ఇరవై ఐదు నిమిషాలు. మనం పద్నాలుగు."

పద్నాలుగు నిమిషాలు. హీటర్లు పూర్తిగా పెట్టి ఉన్నాయి. ఆ వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పాలో, దానికి ఏ పానా కావాలో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడే. అతని ఇల్లు రింక్ వెనక రెండో వీధి.

మారియన్ నంబరు కలిపింది. మొదటి మోతకే ఎత్తాడు.

"మారియన్ గారా?" లైల్ గొంతు సన్నగా ఉంది. "నాలుగింటికన్నారు కానీ వాళ్ళు ముందే వచ్చేశారండీ. కారు వాకిట్లో ఆగింది. మా ఆవిడ ఏడుస్తోంది. నేను చెప్పింది మీరైనా..."

"విన్నాను. నీ మాట అక్షరం పోకుండా ఉంది లైల్, అందరం విన్నాం. ఇప్పుడు నేను చెప్పేది విను. నీ పానా సంచీ ఎక్కడుంది?"

"గుమ్మం పక్కనే. ఎందుకు?"

"తీసుకుని బయటికి నడు. పోలీసులు తలుపు కొట్టేదాకా ఆగకు. నువ్వే వెళ్ళి ఆ కారెక్కు. సంకెళ్ళు తర్వాత వేసుకోవచ్చు, ముందు నన్ను రింక్ వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళండి అని చెప్పు. కోజాక్ ఇంట్లో ఉన్న రెగ్యులేటరే అక్కడా ఉంది."

అటువైపు ఒక్క క్షణం ఏమీ లేదు. మాటకీ మాటకీ మధ్య అతను తీసుకునే ఆ ఖాళీ. తర్వాత సంచీలో ఇనుము గలగల, తలుపు తెరుచుకున్న చప్పుడు, మంచు మీద పరిగెడుతున్న బూట్లు, దూరంగా ఎవరో "ఆగు! అక్కడే ఆగు!" అని అరవడం.

బూట్లు ఆగలేదు.